మన నెత్తి మీదా మంచు కురుస్తుంది: స్నోఫ్లేక్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాలమూరు, నల్లగొండ వైపు సైన్స్ పాఠాలు చెప్పే నాలాంటి వాళ్లను పిల్లలు, పిల్లల కంటే ఎక్కువగా వాళ్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలివి. మంచు అనగానే కశ్మీరో స్విట్జర్లాండో గుర్తొచ్చి, ఇది మనకు సంబంధం లేని పాఠం అనుకుంటారు. అందుకే మొదటి ప్రశ్న దగ్గరే కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన దగ్గర ఎప్పుడైనా మంచు కురుస్తుందా?

నేల మీదికి రాదు. పైన మాత్రం కురుస్తుంది.

మహబూబ్‌నగర్ (పాలమూరు) పట్టణం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తులో ఉంది, నల్లగొండ దానికంటే కాస్త తక్కువ. ఇక్కడి నుంచి నిటారుగా పైకి పోతే ప్రతి కిలోమీటరుకు సగటున ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. వానాకాలంలో సుమారు 5 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి ఉష్ణోగ్రత సున్నాకు వస్తుంది. ఉరుములు, మెరుపులతో వచ్చే మేఘం అక్కడితో ఆగదు. 12, ఒక్కోసారి 15 కిలోమీటర్ల దాకా లేస్తుంది. అంటే ఆ మేఘంలో సగానికి పైగా మైనస్ డిగ్రీల్లోనే ఉంటుంది. అక్కడ మంచు రేకులు (స్నోఫ్లేక్‌లు) పుడతాయి, పెరుగుతాయి, కిందికి జారతాయి. సున్నా డిగ్రీల గీత దాటాక కొన్ని వందల మీటర్లలోనే కరిగి చినుకులవుతాయి. ఆ చినుకులే మన పెంకుల మీద, రేకుల షెడ్ల మీద పడేవి.

ఇది ఊహ కాదు. వాతావరణ శాఖ డాప్లర్ రాడార్లలో ఇది కనిపిస్తుంది. కరగడం మొదలైన రేకుకు బయట నీటి పొర పడుతుంది, సైజు మాత్రం ఇంకా పెద్దగానే ఉంటుంది. అలాంటిది రాడార్ తరంగాలను గట్టిగా వెనక్కి కొడుతుంది. అందుకే సరిగ్గా ఆ ఎత్తులో తెర మీద ఒక మెరిసే పట్టీ కనిపిస్తుంది. జూలైలో మన్యంకొండ మీద ముసురు పట్టి, మనం గొడుగు వెతుక్కునే వేళకు, ఐదు కిలోమీటర్ల పైన కశ్మీరే నడుస్తూ ఉండొచ్చు.

అయితే మన వానంతా కరిగిన మంచేనా?

అంతా కాదు. సున్నా గీత దాకా లేవని పొట్టి మేఘాలు కూడా వాన కురుస్తాయి. వాటిలో నీటి బిందువులు ఒకదాన్నొకటి గుద్దుకుని, కలిసిపోయి, బరువెక్కి రాలతాయి. పడమటి కనుమల మీద పడే వానలో ఈ రకం వాటా చాలా ఎక్కువ. మన దగ్గర సాయంత్రం పూట ఉరిమి, పెద్ద పెద్ద చినుకులతో దంచికొట్టే వానలో మాత్రం మంచు వాటా గట్టిగానే ఉంటుంది.

కృష్ణా నీళ్లలో హిమాలయాల మంచు ఉంటుందా?

ఉండదు. కృష్ణ పుట్టింది మహాబలేశ్వరం దగ్గర. పూర్తిగా వాన నీళ్ల నది. జూరాలకు, శ్రీశైలానికి, నాగార్జునసాగర్‌కు వరద వచ్చేది వానాకాలంలోనే. ఎండాకాలంలో మంచు కరిగి నీళ్లు దిగే వసతి గంగకు ఉంది, కృష్ణకు లేదు.

మంచు రేకు ఎలా పుడుతుంది? చినుకు గడ్డకడితే మంచు రేకేనా?

కాదు. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. చినుకు గడ్డకడితే వచ్చేది ఒక మంచు గుండు, అంతే. రేకు పెరిగేది నీళ్ల నుంచి కాదు, నీటి ఆవిరి నుంచి. ఆవిరి నీరుగా మారకుండా నేరుగా ఐస్ మీద అతుక్కుంటుంది.

మేఘంలో నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర టక్కున గడ్డకట్టవు. శుభ్రమైన చిన్న బిందువు మైనస్ 38 డిగ్రీల దగ్గరి దాకా నీరుగానే ఉండగలదు. దాన్ని గడ్డకట్టించడానికి ఏదో ఒక ఆసరా కావాలి: బంకమట్టి రేణువు, దుమ్ము, చివరికి మొక్కల ఆకుల మీద బతికే ఒక రకం బ్యాక్టీరియా కూడా. దుక్కి దున్నినప్పుడు లేచే మట్టి కూడా గాలితో పాటు పైకి పోయి ఈ పనికి రావచ్చు.

అలా ఒక ఐస్ గింజ పుట్టగానే దాని చుట్టూ ఉన్న నీటి బిందువులకు కష్టకాలం మొదలవుతుంది. మైనస్ డిగ్రీల్లో నీరు ఆవిరిని వదిలినంత తేలిగ్గా ఐస్ వదలదు. అందుకని బిందువులు ఆవిరైపోతుంటాయి, ఆ ఆవిరంతా పోయి ఐస్ మీద చేరుతుంది. ఒక్క రేకు బాగా పెరగడానికి లక్షల మేఘ బిందువులు ఖర్చయిపోతాయి.

ఆరు మూలలే ఎందుకు? ఐదో ఎనిమిదో ఎందుకు ఉండవు?

1611లో ప్రేగ్‌లో ఉన్న ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ సరిగ్గా ఇదే అడిగాడు. ఒక మిత్రుడికి కొత్త సంవత్సరం కానుకగా ఈ ప్రశ్న మీదే ఒక చిన్న పుస్తకం రాసిచ్చాడు. తేనెపట్టు గదులు, దానిమ్మ గింజలు అన్నీ తిరగేశాడు. గుండ్రటివి దగ్గర దగ్గరగా పేరిస్తే ఆరు మూలలు వస్తాయేమో అన్నంత వరకు వెళ్లాడు. సరైన దిక్కులోనే వెళ్లాడు గానీ అప్పటికి అణువుల సంగతి ఎవరికీ పట్టుబడలేదు కాబట్టి తేల్చలేక వదిలేశాడు. అసలు జవాబు రావడానికి మూడొందల ఏళ్లు పట్టింది. ఎక్స్‌రేలతో స్ఫటికాల లోపలి అమరికను చూడడం నేర్చుకున్నాకే అది బయటపడింది.

నీటి అణువులో ఒక ఆక్సిజన్, దానికి రెండు వైపులా రెండు హైడ్రోజన్లు. ఆ రెంటి మధ్య కోణం సుమారు 104.5 డిగ్రీలు. గడ్డకట్టేటప్పుడు ప్రతి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో చేయి కలుపుతుంది. అలా కలిసినప్పుడు ఏర్పడే వలయాల్లో ఆరేసి అణువులు ఉంటాయి. లోపలి ఆ ఆరే పెరిగి పెరిగి కంటికి కనిపించే ఆరు మూలలవుతుంది. ఈ వలయాల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టే నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఐస్ నీళ్ల మీద తేలుతుంది, ఫ్రీజర్‌లో మర్చిపోయిన గాజు సీసా పగిలిపోతుంది.

మూడు భుజాల రేకులు, రెండు స్ఫటికాలు అతుక్కుని పెరిగిన పన్నెండు రెక్కల రేకులు అరుదుగా దొరుకుతాయి. ఐదు, ఎనిమిది మాత్రం దొరకవు.

ఆరు రెక్కలూ ఒకేలా ఎలా పెరుగుతాయి? ఒక రెక్కకు ఇంకో రెక్క సంగతి ఎలా తెలుస్తుంది?

తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఒకే తూము కింద ఆరు మళ్లు ఉన్నాయనుకోండి. నీళ్లు వచ్చిన రోజు ఆరింటికీ వస్తాయి, ఆగిన రోజు ఆరింటికీ ఆగుతాయి. ఆ రైతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా పైరు ఒకే ఎత్తులో ఉంటుంది. మంచు రేకు మొత్తం కలిపి కొన్ని మిల్లీమీటర్లే. మేఘంలో అది ఏ చలిలోకి, ఏ తేమలోకి పోయినా ఆరు రెక్కలూ కలిసే పోతాయి. అందుకే ఒకే సమయంలో కొమ్మలు వేస్తాయి, ఒకే సమయంలో ఆగుతాయి.

కొమ్మలు రావడానికి కారణం వేరే. స్ఫటికం చిన్నగా ఉన్నప్పుడు నున్నటి ఆరు పలకల బిళ్లే. దాని మూలలు కొంచెం బయటికి పొడుచుకుని ఉంటాయి కాబట్టి గాలిలోని ఆవిరి ముందు వాటికే అందుతుంది. అందినది తిని అవి ఇంకా బయటికి పోతాయి, ఇంకా ఎక్కువ అందుతుంది. కాస్త ముందున్నవాడికే అన్నీ దక్కడం మేఘంలోనూ తప్పలేదు.

ఒక మాట చెప్పాలి. పుస్తకాల్లో, క్యాలెండర్లలో కనిపించే పొందికైన రేకులు ఏరి ఏరి తీసినవి. అసలు కురిసే మంచులో విరిగినవి, వంకరవి, ఒకదానికొకటి చుట్టుకున్నవే ఎక్కువ.

అన్నీ నక్షత్రాల్లాగే ఉంటాయా?

లేదు. ఇది తేల్చింది జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా. అణు భౌతికశాస్త్రం చదివి హొక్కైడో విశ్వవిద్యాలయంలో చేరితే, అక్కడ ఆ పరిశోధనకు సరైన సామగ్రి లేదు. కిటికీలోంచి చూస్తే మంచు మాత్రం కావలసినంత ఉంది. సరే, దీన్నే పట్టుకుందాం అనుకున్నాడు.

ల్యాబ్‌లో మంచు రేకును పెంచాలంటే దాన్ని ఏదో ఒక దారానికి వేలాడదీయాలి. పట్టు, నూలు, సన్నటి తీగ, ఏది వాడినా దాని నిండా ఐస్ గొంగళిపురుగులా పట్టేది తప్ప ఒక్క రేకు విడిగా వచ్చేది కాదు. చివరికి కుందేలు వెంట్రుక పనికొచ్చింది. దాని మీది సహజమైన నూనె వల్ల ఐస్ వెంట్రుకంతా పాకకుండా అక్కడక్కడ మాత్రమే మొలిచింది. 1936 మార్చి 12న మనిషి చేసిన మొదటి మంచు రేకు అలా తయారైంది. పరిశోధనలో ఇలాంటి మలుపులే నాకు ఇష్టం: కోట్ల రూపాయల యంత్రం కాదు, ఒక వెంట్రుక.

ఆ తర్వాత ఉష్ణోగ్రత, తేమ మారుస్తూ ఏ పరిస్థితిలో ఏ ఆకారం వస్తుందో ఒక పటం గీశాడు. మైనస్ 2 డిగ్రీల దగ్గర పలచటి బిళ్లలు. మైనస్ 5 దగ్గర సూదులు, సన్నటి గొట్టాలు. మైనస్ 15కి వస్తే మళ్లీ బిళ్లలు, తేమ బాగా ఉంటే మనం బొమ్మల్లో చూసే ఆరు రెక్కల నక్షత్రాలు. ఇంకా చలి పెరిగితే మళ్లీ పొట్టి స్తంభాలు, బిళ్లలు. మూడు డిగ్రీల తేడాకు బిళ్ల కాస్తా సూదిగా మారిపోవడం భౌతికశాస్త్రం చదివిన వాళ్లకు కూడా వింతగానే అనిపిస్తుంది. ఈ పటం వల్ల ఒక లాభం ఉంది. నేల మీద పడిన రేకును చూసి, అది పైన ఎంత చలిలో, ఎంత తేమలో పెరిగిందో చెప్పొచ్చు.

ఏ రెండు రేకులూ ఒకేలా ఉండవంటారు, నిజమేనా?

పెద్ద, కొమ్మల రేకుల విషయంలో నిజమే అనుకోవచ్చు. ఒక మిల్లీగ్రాము బరువున్న రేకులో దాదాపు 3 తర్వాత 19 సున్నాలు పెట్టినన్ని అణువులుంటాయి. అవి పేరుకునే తీరులో చిన్న తేడా వచ్చినా బొమ్మ మారిపోతుంది. పైగా అణువులన్నీ ఒకటే కావు. దాదాపు 500 అణువుల్లో ఒకదానిలో కాస్త బరువైన ఆక్సిజన్ ఉంటుంది. అది ఎక్కడ కూర్చుందో కూడా లెక్కలోకి తీసుకుంటే రెండు రేకులు అచ్చంగా కలవడం జరిగే పని కాదు.

చిన్నవి, సాదావి వేరు. 1988లో అమెరికాలో నాన్సీ నైట్ అనే శాస్త్రవేత్త మైక్రోస్కోప్‌లో చూసి తేడా పట్టలేనంతగా కలిసే రెండు స్ఫటికాలను చూపించారు. అమెరికాలోనే కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ లిబ్‌బ్రెక్ట్ అనే శాస్త్రవేత్త ఒకే పరిస్థితుల్లో పక్కపక్కన కవలల్లాంటి రేకులను పెంచి ఫొటోలు తీశారు.

తొలినాళ్లలో ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నది ఎవరు?

ఒక రైతు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, జెరికో అనే ఊరు. పేరు విల్సన్ బెంట్లీ. పందొమ్మిదేళ్ల వయసులో, 1885 జనవరి 15న, మైక్రోస్కోప్‌ను కెమెరాకు బిగించి మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. నల్లటి పలక మీద రేకులను పట్టుకునేవాడు. నచ్చినదాన్ని సన్నటి పుల్లతో ఎత్తి, ఊపిరి తగలకుండా అద్దం మీదికి మార్చేవాడు. చలికొట్టంలోనే పని. పొలం పనులు చేసుకుంటూనే జీవితమంతా 5,000కు పైగా ఫొటోలు తీశాడు. 1931లో మంచు తుఫానులో నడిచి ఇంటికి వచ్చి, న్యుమోనియాతో పోయాడు. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన పిల్లలకు నేను కెప్లర్ కంటే ముందు ఈయన గురించే చెబుతాను.

ఐస్ పారదర్శకంగా ఉంటుంది కదా, మంచు తెల్లగా ఎందుకు?

ఐస్‌గోలా బండి దగ్గర నిలబడితే జవాబు దొరుకుతుంది. గడ్డ అద్దంలా ఉంటుంది, తురిమితే తెల్లబడుతుంది. తురిమినప్పుడు వేల కొత్త ముఖాలు వస్తాయి. వెలుతురు వాటి మీద పడి అన్ని దిక్కులకూ చెదురుతుంది. ఏ రంగూ ప్రత్యేకంగా మింగుడు పడదు కాబట్టి తెలుపే కనిపిస్తుంది.

మార్చి, ఏప్రిల్ ఎండల్లో రాళ్లవాన ఎందుకు పడుతుంది? అదీ మంచేనా?

ఐసే, కానీ రేకు కథ వేరు, రాయి కథ వేరు. రేకు ఆవిరితో నిదానంగా పెరుగుతుంది. రాయి మాత్రం మేఘంలో మైనస్‌లో ఉండి కూడా గడ్డకట్టని నీటి బిందువులు వచ్చి గుద్దుకుని అతుక్కోవడం వల్ల పెరుగుతుంది.

ఎండే దానికి బలం. నేల కాగి, వేడి గాలి పైకి ఎగదన్నుతుంది. అప్పుడే బంగాళాఖాతం వైపు నుంచి తేమ తోడైతే మేఘం నిటారుగా లేస్తుంది. లోపల గాలి ఎంత జోరుగా పైకి పోతే అంత బరువైన రాయిని మోయగలదు. మోయలేనంత అయినప్పుడు వదిలేస్తుంది. చిన్నవి దారిలో కరిగిపోతాయి. పెద్దవి నేలను తాకుతాయి. నిమ్మకాయంత రాయి గంటకు 50 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతుంది.

ఈసారి పడితే, ఉరుములు పూర్తిగా ఆగాక ఒక పెద్ద రాయిని ఏరి తీసుకురండి. కత్తిని వేడినీళ్లలో ముంచి మధ్యకు కోసి, లైటుకు అడ్డంగా పట్టుకోండి. నడుమ పాలలా తెల్లటి గింజ, చుట్టూ అద్దంలాంటి పొర, దాని మీద మళ్లీ తెల్లటి పొర కనిపించొచ్చు. నీళ్లు గుద్దిన వెంటనే గడ్డకడితే గాలి బుడగలు లోపలే చిక్కుకుని తెల్లగా ఉంటుంది. నిదానంగా గడ్డకడితే బుడగలు తప్పించుకుంటాయి, పొర తేటగా ఉంటుంది. ఆ రాయి ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో ఆ పొరల్లో ఉంటుంది. త్వరగా చూడాలి, అరచేతిలో ఎక్కువసేపు ఉండదు.

అందం సంగతి ఎలా ఉన్నా, రాళ్లవాన మీద నాకు ప్రేమ లేదు. కోతకొచ్చిన యాసంగి వరిలో గింజ రాలిపోతుంది, కొల్లాపూర్ వైపు మామిడి కాయలు నేలపాలవుతాయి, నల్లగొండ బత్తాయికి మచ్చ పడితే ధర పోతుంది. మనుషుల ప్రాణాలూ తీసింది: 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర రాళ్లవానకు 246 మంది చనిపోయారు. నమోదైన వాటిలో అత్యంత బరువైన రాయి 1986లో బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది, కిలోకు కాస్త ఎక్కువ.

వికారాబాద్ దగ్గర రోడ్డంతా తెల్లగా ఉన్న వీడియో చూశాం. అది మంచు కాదా?

2023 మార్చిలో మర్పల్లి వైపు తీసినవి కదా, అవి వడగళ్లే. చిన్న రాళ్లు ఒకేసారి దట్టంగా పడి నేల కప్పేశాయి. వీడియో కింద "తెలంగాణలో కశ్మీర్" అని రాసినా అది మంచు అయిపోదు.

వడగళ్లు తినొచ్చా?

మేమూ చిన్నప్పుడు తిన్నాం. కానీ అవి దుమ్ము మీదే పుడతాయి, పైగా వాకిట్లో దొర్లి వస్తాయి. వద్దనే చెబుతాను.

మంచు రేకులను మన ఊళ్లో ఉండి చూసే మార్గం ఏమైనా ఉందా?

రేకును కాదు గానీ, అది చేసే పనిని చూడొచ్చు. చంద్రుడికో సూర్యుడికో గుడి కట్టడం చూశారు కదా, కొందరు వరదగుడి అంటారు. దూరంగా, పెద్దగా ఉండే ఆ వలయం పూర్తిగా ఐస్ స్ఫటికాల పనే. ఎత్తులో ఉండే పలచటి మేఘాల్లో ఆరు పలకల చిన్న స్తంభాలు ఉంటాయి. వెలుతురు వాటిలో ఒక పలకలోంచి లోపలికి పోయి, దానికి 60 డిగ్రీల కోణంలో ఉన్న ఇంకో పలకలోంచి బయటికి వస్తూ సుమారు 22 డిగ్రీలు వంగుతుంది. అందుకే వలయం ఎప్పుడూ ఒకే సైజు. చేయి బారుగా చాపి, వేళ్లు బాగా విప్పి, బొటనవేలు చంద్రుడి మీద పెడితే, చిటికెనవేలు కొస దాదాపు వలయాన్ని తాకుతుంది. సూర్యుడి విషయంలో ఈ కొలత వద్దు, నేరుగా చూడొద్దు. గోడ చాటునో చెట్టు చాటునో నిలబడి వలయాన్ని మాత్రం చూడండి. 2021 జూన్ 2న హైదరాబాద్‌లో సూర్యుడి చుట్టూ ఇది స్పష్టంగా కనిపించి ఫోన్లన్నీ నిండిపోయాయి.

దూరపు గుడికి దగ్గర వాన, దగ్గర గుడికి దూరపు వాన అని పెద్దవాళ్లు అంటుంటారు. ఇందులో కొంత సైన్స్ ఉంది. చంద్రుణ్ని ఆనుకుని ఉండే చిన్న మసక వలయం ఎక్కువగా నీటి బిందువుల వల్ల వస్తుంది. దూరపు వలయం ఎత్తైన ఐస్ మేఘాల వల్ల. వాయుగుండం వచ్చే ముందు అలాంటి మేఘాలు ముందుగా పాకి వస్తాయి. ప్రతిసారీ వాన పడుతుందని మాత్రం పందెం కాయొద్దు.

ఇంట్లో చేసి చూడొచ్చా?

చూడొచ్చు. స్టీలు గ్లాసులో చితగ్గొట్టిన ఐస్, దానికి మూడో వంతు గల్లుప్పు వేసి కలపండి. కుల్ఫీ అమ్మేవాళ్లు కుండలో చేసేది ఇదే. ఉప్పు, ఐస్ కలిస్తే చలి మైనస్ 10 కిందికి సులువుగా దిగుతుంది. గ్లాసు బయట మొదట తడి పడుతుంది, తర్వాత తెల్లటి పూత. భూతద్దం పెట్టి చూడండి. ముందు నీరై తర్వాత గడ్డకట్టిన చోట నున్నగా ఉంటుంది. ఆవిరి నేరుగా ఐస్‌గా అతుక్కున్న చోట సన్నటి ముళ్లు, ఈకలు కనిపిస్తాయి. ఈకలే మంచు రేకుకు దగ్గరి చుట్టాలు. గ్లాసును చేత్తో ఎక్కువసేపు పట్టుకోవద్దు, చర్మం పాడవుతుంది. వానాకాలంలో బాగా వస్తుంది. ఏప్రిల్ పొడిగాలిలో చేసి రాలేదని నన్ను అడగొద్దు.

హైదరాబాద్ స్నో వరల్డ్‌లో ఉన్నవి స్నోఫ్లేక్‌లేనా?

యంత్రాలతో చేసే మంచు సాధారణంగా నీటి తుంపరను గడ్డకట్టించి చేసేదో, ఐస్‌ను తురిమినదో అయి ఉంటుంది. భూతద్దంలో చూస్తే గుండ్లు, ముక్కలే కనిపిస్తాయి, రెక్కలు కాదు. పిల్లలకు ఆడుకోవడానికి అది చాలు.

మేఘమథనానికీ మంచుకూ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. వాన కోసం మేఘాల్లో చల్లే సిల్వర్ అయోడైడ్ అనే మందు స్ఫటికం అమరిక ఐస్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. అందుకే గడ్డకట్టడానికి అది మంచి ఆసరా అవుతుందని 1946లో బెర్నార్డ్ వానెగట్ కనిపెట్టాడు. దాన్ని మైనస్‌లో ఉన్న మేఘంలో చల్లితే కొత్త ఐస్ గింజలు పుడతాయి, పెరిగి, కరిగి వానగా దిగుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల మొదటి దశాబ్దంలో కరువు జిల్లాల మీద మేఘమథనం చేయించారు. అంటే ఒక రకంగా మన మీద మంచు కురిపించే ప్రయత్నమే. చల్లడానికి మేఘమంటూ ఉండాలి, లేని మేఘాన్ని ఏ మందూ పుట్టించదు. పడిన వానలో మందు వాటా ఎంతో విడదీయడం కూడా కష్టం. అందుకే దీని మీద వాదనలు తెగవు.

మనాలి, గుల్మార్గ్ వెళ్తున్నాం. ఫోన్‌లో రేకుల ఫొటో వస్తుందా?

ఫోన్‌కు బిగించే చిన్న మాక్రో లెన్స్ ఉంటే వస్తుంది. నల్లటి మఫ్లర్‌ను అరగంట ముందే బయట చల్లబరచండి, లేకపోతే పడ్డది పడ్డట్టు కరిగిపోతుంది. ఊపిరి పక్కకు వదలండి. సున్నా దగ్గర పడే తడి మంచులో రేకులన్నీ ముద్దలై ఉంటాయి. ఎత్తైన చోట, చలి గట్టిగా ఉండి గాలి లేని రోజున ప్రయత్నించండి.

స్కూల్ ప్రాజెక్ట్‌కు కాగితంతో కత్తిరిస్తే ఎనిమిది రెక్కలే వస్తున్నాయి. ఏం చేయాలి?

మడత తప్పు. సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగో ఎనిమిదో వస్తాయి. చదరపు కాగితాన్ని మూల నుంచి మూలకు మడిచి త్రికోణం చేయండి. పొడవాటి అంచు నడిమధ్య ఒక గుర్తు పెట్టుకోండి. అక్కడి నుంచి కుడి భాగాన్ని, ఎడమ భాగాన్ని ఒకదాని మీద ఒకటి వచ్చేలా మూడు సమాన భాగాలుగా మడవండి. దాన్ని ఇంకోసారి సగానికి మడిచి, పైన హెచ్చుతగ్గులుగా ఉన్న కాగితాన్ని కత్తిరించేసి, ఆ తర్వాత అంచుల్లో డిజైన్ కోయండి. విప్పితే ఆరు వస్తాయి. షాపుల్లో దొరికే స్టిక్కర్లలో ఎనిమిది రెక్కలవి బోలెడు. అవి మాత్రం చార్టు మీద అంటించకండి, నేను మార్కులు కోస్తాను.